సెన్సార్ మార్చాల్నా, ముందు చూడాల్నా?

డ్రైవర్: లైటు వెలిగింది, స్కానర్ పెట్టినరు, ఆక్సిజన్ సెన్సార్ కోడ్ వచ్చింది, సెన్సార్ మార్చుమన్నరు. జనగామల అడిగినా ఇదే మాట, మానుకోటల అడిగినా ఇదే మాట, భూపాలపల్లిల అడిగినా ఇదే. కోడ్‌ల సెన్సార్ పేరుంటే సెన్సారే చెడిపోయినట్టా తమ్మీ?

మెకానిక్: పేరున్నంత మాత్రాన కాదన్నా. కానీ లక్ష కిలోమీటర్లు దాటిన బండి తెచ్చి "మైలేజ్ పడిపోయింది, నిలబడ్డకాడ ఊగుతున్నది, సైలెన్సర్ మూతి నల్లగైంది" అంటే నా చెయ్యి ముందుగాల దాని మీదికే పోతది. అది ఉండే జాగ చూడు. పొగ బయటికొచ్చే దారిల తలకాయ లోపటికి పెట్టి ఉంటది. మూడు వందల డిగ్రీలు దాటి వేడెక్కితే గని పని మొదలుపెట్టదు. మసి, కాలిన ఆయిల్ బూడిద, గ్యాస్కెట్ పోతే కూలెంట్ ఆవిరి, అన్నీ దాన్ని రాసుకుంటనే పోతయ్. హీటర్ ఉన్న సెన్సార్ మంచిగ నడిస్తే లక్షన్నర కిలోమీటర్లు వస్తది. హీటర్ లేని పాతరకం అండ్ల సగం వస్తే ఎక్కువ.

డ్రైవర్: కాలం తీరిందాన్ని మార్చుడుకు నేను అడ్డం చెప్తలేను. నా పంచాయితీ వేరే. అది కొలిచేది ఆక్సిజన్‌ను, పెట్రోల్‌ను కాదు. ఈ ముక్క అందరు మర్చిపోతున్నరు. నాలుగు సిలిండర్లల ఒకదాంట్ల ప్లగ్గు కొట్టలేదనుకో. అండ్ల పెట్రోల్ కాలలేదు, గాలి కూడా వాడకం కాలేదు. రెండూ కలిసి పొగల పడ్డయ్. పెట్రోల్ సెన్సార్‌కు కనపడదు, ఆక్సిజన్ కనపడ్తది. "గాలి ఎక్కువైంది, పెట్రోల్ తక్కువైంది" అని కంప్యూటర్‌కు చెప్తది. కంప్యూటర్ నాలుగింటికీ ఇంకింత పెట్రోల్ పోస్తది. మైలేజ్ పాయె, లీన్ అని కోడ్ వచ్చె. ఇండ్ల సెన్సార్ చేసిన తప్పేంది? తనకు కనపడ్డది ఉన్నదున్నట్టు చెప్పింది. సెన్సార్‌కు ముందు పైపు జాయింట్ పగిలి బయటి గాలి సన్నగ గుంజుకున్నా ఇదే కథ. ఐకేపీ సెంటర్ల వడ్లకు తేమ మిషన్ పెడితే 17 దాటి చూపెట్టిందనుకో. మిషన్ మారుస్తరా, వడ్లు ఆరబోస్తరా?

మెకానిక్: ఆ మిషనే తప్పు చూపెడుతున్నదని రైతులు సెంటర్ల కాడ కొట్లాడరా మరి? మిషన్ కూడా చెడిపోతదన్నా. అండ్ల ఈ సెన్సార్ చెడిపోయే తీరు మహా మాయ. ఒక్కసారి చచ్చిపోతే బాధ లేదు. హీటర్ కాలిపోతే పీ 0135, సిగ్నలే లేకపోతే పీ 0134 అని కోడ్ వస్తది, లైటు వెలుగుతది, కంప్యూటర్ దాన్ని పక్కకు పెట్టి తన దగ్గరున్న పట్టికతోటి బండి నడుపుతది. అది మెల్లమెల్లగ ముసలిదైనప్పుడే తిప్పలు. మంచి సెన్సార్ 0.1 వోల్టుకు 0.9 వోల్టుకు నడుమ గబగబ ఊగాలె. పొగల ఆక్సిజన్ తగ్గితే పైకి, పెరిగితే కిందికి. నడుమ 0.45 కాడ గీత. గీత దాటంగనే ఇంజెక్టర్ తెరిచే టైమ్‌ను కంప్యూటర్ కొంచెం తగ్గిస్తది, కొంచెం పెంచుతది. ముసలి సెన్సార్ ఊగుతది గని నింపాదిగ ఊగుతది, పైకి పోవాల్సింది 0.6 కాడనే సతికిల పడ్తది. కంప్యూటర్‌కు ఎప్పుడూ పెట్రోల్ తక్కువైనట్టే కొడ్తది. రోజింత కలుపుతనే ఉంటది. లైటు వెలగదు. డ్రైవర్ ఏమో బంకోడు మోసం చేస్తున్నడని తిడుతడు.

డ్రైవర్: సరే, ముసలి సెన్సార్ ఉంటదని ఒప్పుకుంటున్న. ఎంత నష్టం చేస్తదో లెక్క చెప్పు. ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్తున్నరు.

మెకానిక్: పది శాతమే అనుకో. నీ బండి లీటరుకు 18 ఇచ్చేది 16.2 ఇస్తున్నది. నెలకు 2000 కిలోమీటర్లు తిరిగేటోళ్లకు పన్నెండు లీటర్లకు పైన ఎక్కువ పడ్తది. లీటరు 107 లెక్కన పదమూడు వందల రూపాయలు. సెన్సార్ నాలుగు వేలు అనుకుంటే నాలుగో నెలల పైసలు వెళ్లిపోతయ్. ఇది తక్కువ లెక్క. అమెరికా ప్రభుత్వం వాళ్ల ఫ్యూయల్ ఎకానమీ వెబ్‌సైట్‌లనే, ఆక్సిజన్ సెన్సార్ లాంటి పెద్ద లోపం సరిచేస్తే మైలేజ్ 40 శాతం దాకా మెరుగుపడొచ్చని రాసి పెట్టింది.

డ్రైవర్: "దాకా" అన్న మాటను నువ్వు మెల్లగ పలుకుతున్నవు. అది పై హద్దు. అందరికీ అంత వస్తదని కాదు. ఇంకోటి, నీ స్కానర్లనే జవాబు ఉన్నది. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక అంకె ఉంటది గద. కంప్యూటర్ తన పట్టిక మీద ఎంత పెట్రోల్ ఎక్కువ కలుపుతున్నదో, ఎంత తక్కువ చేస్తున్నదో అండ్ల పడ్తది. చాలా బండ్లల అది ఇరవై, ఇరవై ఐదు శాతం కాడికి పోయి ఆగుతది, ఆడ లైటు వెలుగుతది. సెన్సార్ ఎంత అబద్ధం చెప్పినా కంప్యూటర్ నమ్మేదానికి ఒక హద్దున్నది. మరి మైలేజ్ సగం పోయిందని వచ్చిన బండికి కూడా సెన్సారే కారణమంటే ఎట్ల నమ్మాలె? బ్రేకు పట్టి ఉన్నదేమో, టైర్ల గాలి లేదేమో, క్లచ్ జారుతున్నదేమో చూడవా?

మెకానిక్: చూడాలె. సగం పోయిందని వస్తే నేను కూడా బ్రేకే చూస్త, చక్రం తిప్పి. కానీ ఆ ట్రిమ్ అంకె నా దిక్కు కూడా మాట్లాడ్తది. ప్లస్ పదిహేను ఉన్నది, మిస్‌ఫైర్ లేదు, గాలి లీక్ లేదు, పెట్రోల్ ప్రెజర్ మంచిగున్నది. ఇగ మిగిలింది ఏంది?

డ్రైవర్: మిగిలింది ఈ20.

మెకానిక్: అండ్లకు పోతే మనం పొద్దుందాక మాట్లాడాలె.

డ్రైవర్: మాట్లాడుదాం, అసలు సంగతి ఆడనే ఉన్నది. 2023 ఫిబ్రవరిల 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ మొదలుపెట్టినరు, రెండేండ్లల దాదాపు అన్ని బంకులకు వచ్చింది. ఇథనాల్‌ల బలం పెట్రోల్‌తోటి పోలిస్తే మూడింట రెండు వంతులే. నీతి ఆయోగ్ 2021ల ఇచ్చిన రిపోర్టుల పాత పద్ధతి కార్లకు ఆరేడు శాతం మైలేజ్ తగ్గుతదని వాళ్లే రాసినరు. నా బండి ఈ20 రాకముందు తయారైంది. ఇగ చూడు: ఉత్త పెట్రోల్ కిలో కాలాల్నంటే 14.7 కిలోల గాలి కావాలె. ఈ20కి పదమూడున్నర కిలోలు చాలు. అదే గాలికి పెట్రోల్ ఎక్కువ పొయ్యాలె. ఆ ఎక్కువ పొయ్యమని చెప్పేదెవరు? నువ్వు దొంగ అంటున్న సెన్సారే. అది పనిచేస్తున్నదానికి గుర్తుగ ట్రిమ్ నాలుగైదు పాయింట్లు పైకి ఎక్కింది. దాన్ని చూపెట్టి నాకు కొత్త సెన్సార్ అమ్ముతున్నరు.

మెకానిక్: ఇండ్ల నువ్వన్నది నిజం. మైలేజ్ అడిగి వచ్చేటోళ్లల ఎంతమందికి ఈ20 దెబ్బ తగిలిందో, ఎంతమందికి సెన్సార్ దెబ్బ తగిలిందో విడదీసి చెప్పుడు కష్టం. కానీ నీ మాటలనే నా మాట కూడా ఉన్నది. కార్బొరేటర్ బండికి ఈ20 పోస్తే దానికి చెప్పే నాథుడు లేడు, లీన్‌గ కాలి దడదడలాడ్తది. నీ బండి చప్పుడు చెయ్యకుండ నడుస్తున్నదంటే సెన్సార్ పుణ్యం. అదే సెన్సార్ ముసలిదై ఈ20 కూడా తోడైతే నష్టం మీద నష్టం. నాలుగు పాయింట్లు ఇథనాల్ తెచ్చింది, పది పాయింట్లు సెన్సార్ అబద్ధం తెచ్చింది. మొత్తం పద్నాలుగు చూసి నువ్వు అంతా ఇథనాల్ ఖాతాల రాస్తున్నవు.

డ్రైవర్: పికప్ సంగతేంది? "సెన్సార్ మార్చు, బండి గుంజుతది" అంటరు. జనగామ నుంచి హైదరాబాద్ రోడ్డెక్కి లారీని దాటాల్నంటే కాలు పూర్తిగ తొక్కుత. తొక్కినప్పుడు కంప్యూటర్ సెన్సార్ మాట పక్కకు పెడ్తది, కావాల్నని పెట్రోల్ ఎక్కువ పోస్తది, బలం కోసం, వేడి తగ్గేతందుకు. అప్పుడు సెన్సార్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. మరి పికప్ రాకపోతే దాన్నెందుకు అనాలె?

మెకానిక్: తొక్కిన ఆ క్షణంల సెన్సార్ మాట వినదు, ఒప్పుకుంటున్న. విననిది ఆ క్షణంలనే. మామూలుగ నడిచినప్పుడు దాని మాట విని నేర్చుకున్న ట్రిమ్‌ను చాలా బండ్లు తొక్కినప్పుడు కూడా వాడ్తయ్. నేర్చుకున్నదే తప్పైతే తొక్కినప్పుడు కూడా తప్పే. ఇంకో పెద్ద కారణమున్నది. పెట్రోల్ ఎక్కువై రిచ్‌గ నడిచీ నడిచీ కాలని పెట్రోల్ పోయి, పొగను శుభ్రం చేసే క్యాట్ కన్వర్టర్ల మండ్తది. లోపట సిరామిక్ జల్లెడ కరిగి మూసుకపోతది. ఇగ పొగ పోయే దారి లేదు, బండి గుంజుమంటే ఎట్ల గుంజుతది? సెన్సార్ వేలల్ల పోతది, క్యాట్ కన్వర్టర్ పదుల వేలల్ల పోతది. అండ్ల ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటయ్, ఉత్త రేకు కాదు. నేను సెన్సార్ మార్చుమనేది సగం మైలేజ్ కోసం, సగం దాని కోసం.

డ్రైవర్: క్యాట్ కన్వర్టర్ మాట నువ్వే తీసినవు గాబట్టి చెప్తున్న. అసలు ఈ సెన్సార్ పుట్టింది మైలేజ్ కోసం కాదు. 1976ల బాష్ కంపెనీ వోల్వోల పెట్టినప్పుడు అమెరికా పొగ రూల్స్ కోసం పెట్టింది. మూడు రకాల విషాలను ఒకేసారి తగ్గించే కన్వర్టర్‌కు గాలీ పెట్రోలూ సరైన పాళ్లల ఉండాలె, అందుకే ఈ కాపలా. ఉత్త మైలేజే కావాల్నంటే ఇంకింత గాలి ఎక్కువ పెట్టి లీన్‌గ నడపాలె. సెన్సార్ అట్ల నడవనియ్యదు. మైలేజ్ డాక్టర్ అని మీరు పెట్టిన పేరు దానిది కాదు.

మెకానిక్: పుట్టింది దేనికైతేంది, ఇప్పుడు మైలేజ్‌ను కాస్తున్నది గద. భూపాలపల్లి సంగతే చూడు. కేటీకే గనుల దిక్కు, చెల్పూరు కరెంటు ప్లాంటు దిక్కు తిరిగే బండి ఎయిర్ ఫిల్టర్ ఎట్లుంటది? తీసి దులిపితే చేతులు నల్లగైతయ్. కార్బొరేటర్ రోజులల్ల ఫిల్టర్ మూసుకపోతే మైలేజ్ కూడా పోయేది. అమెరికాల ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబ్ 2009ల ఇదే పరీక్ష చేసింది. సెన్సార్‌తోటి నడిచే కార్లకు మూసుకపోయిన ఫిల్టర్ పెట్టి నడిపినరు. మైలేజ్ పెద్దగ పడలేదు, స్పీడ్ అందుకునుడు మాత్రం తగ్గింది. ఎందుకు? గాలి తగ్గితే సెన్సార్ చెప్పింది, కంప్యూటర్ పెట్రోల్ తగ్గించింది. నీ బొగ్గు దుమ్ముల కూడా లెక్క తప్పకుండ కాస్తున్నదంటే అదే.

డ్రైవర్: ఇది నాకు నచ్చింది. ఫిల్టర్ మార్చినా మైలేజ్ ఎందుకు రాదో ఇన్నేండ్లు అర్థం కాలె. కానీ చూసినవా, మళ్ల నా మాటకే వచ్చినవు. అంత నమ్మకంగ పనిచేసేదాన్ని మొదటి దొంగ కింద ఎందుకు పట్టుకుంటరు? అండ్ల రెండు సెన్సార్లుంటయ్. కన్వర్టర్ ముందటిది ఒకటి, వెనుకది ఒకటి. పెట్రోల్ లెక్క ముందటిదే చూస్తది. వెనుకది కన్వర్టర్ పనిచేస్తున్నదా లేదా చూసేతందుకు, చిన్న సవరణ తప్ప మైలేజ్‌ల దాని పాత్ర లేదు. వెనుక సెన్సార్ కోడ్ వచ్చినా "మైలేజ్ పోతది, మార్చాలె" అని చెప్పేటోళ్లు లేరా?

మెకానిక్: ఉన్నరు. వెనుకదాన్ని మైలేజ్ పేరు మీద మార్చుడు తప్పే. డీజిల్ బండికి మార్చి మైలేజ్ వస్తదనుడు కూడా అంతే. బొలెరోలు, టాటా ఏస్‌లు మన దిక్కు ఎన్ని తిరుగుతున్నయ్? పాత డీజిల్‌కు అసలు ఈ సెన్సారే ఉండది. కొత్త బీఎస్ 6 డీజిల్‌ల ఉన్నా, డీజిల్ ఇంజిన్ ఎప్పుడూ గాలి ఎక్కువ పెట్టుకునే నడుస్తది, మైలేజ్ దీని మీద అంతగ లేదు. నేను మాట్లాడేది పెట్రోల్ బండి, ముందటి సెన్సార్, లక్ష దాటింది. గంత వరకే.

డ్రైవర్: గంత వరకే అయితే పరీక్ష చేసి చూపెట్టు. పరీక్ష లేదంటవా?

మెకానిక్: ఎందుకు లేదు? నాలుగు వైర్లు వస్తయ్. బాష్‌దైతే రెండు తెల్లవి హీటర్‌వి, నల్లది సిగ్నల్, బూడిద రంగుది ఎర్త్. వేరే కంపెనీకి రంగులు వేరే ఉంటయ్, అందుకే డయాగ్రమ్ చూడకుండ పట్టొద్దు. తెల్ల రెండింటి మీద మల్టీమీటర్ పెట్టి ఓమ్స్ చూస్తే హీటర్ బతికున్నదా పోయిందా తెలుస్తది. తర్వాత ఇంజిన్ మంచిగ వేడెక్కనియ్యాలె. స్కానర్ల గ్రాఫ్ పెట్టుకొని ఇన్‌టేక్ కాడ సన్నని వ్యాక్యూమ్ పైపు ఒకటి పీకాలె. గాలి లోపటికి పోయింది, గ్రాఫ్ ధన్‌మని కింద పడాలె. పైపు మళ్ల పెట్టి, గాలి పోయే దారిల కార్బ్ క్లీనర్ ఒక్క బొట్టంత కొట్టాలె. గ్రాఫ్ వెంటనే 0.8 దాటి ఎగరాలె. రెండు దిక్కులకు గబుక్కున పోయి వచ్చిందా, సెన్సార్ బతికున్నట్టు. ఈడ్చుకుంట పోయిందా, ముసలిదైనట్టు. ఎటూ కదల్లేదా, చచ్చినట్టు. విప్పినంక మూతి కూడా చెప్తది: నల్లని మసి ఉంటే ఇంజిన్ రిచ్‌గ నడుస్తున్నది, తెల్లగ సున్నం పట్టినట్టుంటే కూలెంట్ పోతున్నది లేకపోతే ఎవరో సిలికాన్ గమ్ము ఇష్టమొచ్చినట్టు పూసిండ్రు. అసొంటప్పుడు కొత్తది పెట్టినా నాలుగు నెలలల్ల అది కూడా అట్లనే తయారైతది.

డ్రైవర్: ఇంత మంచిగ తెలిసినోడివి. మరి ఇది చెయ్యకుండ "మార్చాలె" అని ఎందుకంటవు?

మెకానిక్: నువ్వు అడగనే అడిగినవు గాబట్టి చెప్తున్న. ఇంజిన్ వేడెక్కాలె, గ్రాఫ్ చూడాలె, ప్లగ్గులు విప్పాలె, పైపు జాయింట్ కాడ లీక్ ఉన్నదా వెతకాలె. పూట పోతది. చివరికి నేను ఏమంట? "అన్నా, ఒక ప్లగ్గు పోయింది, నూట యాభై." నువ్వు ఏమిస్తవు? నూట యాభై, మీద యాభై. పార్టు చేతిల పెడితేనే మనోళ్లు పైసలు తీస్తరు. చూసినందుకు, ఆలోచన చేసినందుకు పైస లేదు. సెన్సార్ మారిస్తే అరగంట పని, కూలి వస్తది, పార్టు మీద నాలుగు రూపాయలు మిగుల్తయ్. నీకు కూడా ఏదో కొత్తది పెట్టించిన్నన్న తృప్తి.

డ్రైవర్: మాట పడాల్సిందే, నేను కూడా అట్లనే ఇచ్చిన. కంపెనీ షోరూముల చూసినందుకే బిల్లు రాస్తరు, నోరు మూసుకొని కడతం. షెడ్డుల అడిగితే బేరమాడ్తం. సరే, తప్పు మా దిక్కు కూడా ఉన్నది. కానీ దాని శిక్ష నా నాలుగు వేలా?

మెకానిక్: అన్నిసార్లు శిక్ష కాదు. లక్షన్నర దాటిన బండికైతే ఆరు నెలలు ముందో వెనకో అది మార్చేదే. నేను పూట కూసుండి చూసినా ఆఖరికి చాలాసార్లు అదే తేల్తది.

డ్రైవర్: తేలనిసార్లు? సెన్సార్ మారిస్తివి, మైలేజ్ రాలేదు. వాపస్ తీసుకుంటవా?

మెకానిక్: నేను తీసుకున్నా, హనుమకొండల పార్టుల దుకాణం తీసుకోదు. ఎలక్ట్రికల్ సామాను వాపస్ లేదని బిల్లు మీదనే కొట్టి ఉంటది.

డ్రైవర్: అట్లైతే ముందు చూసుడుకు ఐదు నూర్లు వేరే ఇస్త. సెన్సార్ అని తేలితే ఆ ఐదు నూర్లు కూలిల కోసెయ్యి. కాదని తేలితే ఐదు నూర్లు నీవే.

మెకానిక్: ఇప్పుడు ఇస్తనంటున్నవు. రేపు ప్లగ్గు అని తేలితే "గీ దానికి ఐదు నూర్లా" అంటవు.

డ్రైవర్: అంట. అని ఇస్త.

మెకానిక్: సరే, బండి పెట్టు. సెన్సార్ ఆర్డర్ ఆపుత. ఇంజిన్ వేడెక్కినంక గ్రాఫ్ చూస్త. ఊగకపోతే మాత్రం మళ్ల ఈ ముచ్చట పెట్టొద్దు.

డ్రైవర్: ఊగకపోతే మార్చు. ఊగితే?

మెకానిక్: ఊగితే కింద పైపు జాయింట్ చూడాలె. బండి లిఫ్టు మీద ఎక్కియ్యాలె. దానికి వేరే లెక్క.

డ్రైవర్: ఐదు నూర్లల రాదా?